అత్త పసరు, పక్కింటి పళ్ళు

మొన్న మా మనవరాలు పరీక్షకి చదువుకుంటూ వంటింట్లోకొచ్చి, "మామ్మా, ఇస్ మే టైగర్ కా మత్‌లబ్ క్యా హై?" అంది. తెలుగులో అడిగితే దాని సొమ్మేం పోతుందో! ఏదో పాత ఇంగ్లీషు నవలట. కొండమీద మంచులో చిక్కుకుపోయిన ఊరి జనం బయట పులి తిరుగుతోందని హడలిపోయి, ఒకళ్ళనొకళ్ళు అనుమానించుకుని, చివరికి కొట్టుకు చస్తారట. పులి మాత్రం కథ మొత్తంలో ఎక్కడా కనబడదు. ఆ పులి దేనికి గుర్తో రాయాలి. నాకు నవ్వొచ్చింది. ఆ పులిని నేను చిన్నప్పుడు, పందొమ్మిదివందల డెబ్భైల్లోనే చూశాను. జంషెడ్‌పూర్‌లో మా లైన్ క్వార్టర్లలో, మా పక్కింట్లోనే ఉండేది. నేతచీర కట్టుకునేది.

నాన్న కార్ఖానాలో పనిచేసేవారు. ఆయన అక్క, మా మేనత్త, మొగుడు పోయాక శ్రీకాకుళం వైపు నుంచి మా ఇంటికి వచ్చేసింది. అక్కడ ఆవిడకిక ఎవరూ లేరు. అత్త పచ్చకామెర్లకి పసరు ఇచ్చేది. దానికో పద్ధతుంది: తెల్లారగట్ల ఆకు కోసిన దగ్గర్నుంచి రోగి పసరు మింగేదాకా ఇచ్చేవాళ్ళు నోరు విప్పకూడదు. ఏటి అవతల మాంగో పేట నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. వట్టి వాగుడుకాయ అత్త ఆ కాసేపు మూగనోము పడితే మాకు నవ్వాగేది కాదు.

పక్కింటి పెద్దమ్మకి, ఆవిడా మావైపు మనిషే, ఓ ఆవుండేది. ఒక వేసవిలో దాని పాలు ఎండిపోయాయి. దానికి ముందో పొద్దున అత్త ఆకులు పట్టుకుని ఆవు పక్కనుంచి, పలకరించినా పలక్కుండా వెళ్ళిందట. అంతే, అత్త చిల్లంగి అయిపోయింది. చేతబడి చేసేవాళ్ళని మావైపు అలాగే అంటారు. కుళాయి దగ్గర అత్త బిందె పెడితే మిగతా బిందెలు పక్కకి జరిగిపోయేవి. అమ్మోరి పండక్కి ఘటం ప్రతి గుమ్మం ముందూ ఆగింది, మా గుమ్మం దాటేసింది. పసుపునీళ్ళ చెంబుతో అత్త అలా నిలబడిపోయింది. పెద్దమ్మ అందరూ వినేలా నాన్నతో, "దాన్ని పంపించీ తమ్ముడూ. మన దేశంలోనైతే ఈపాటికి రాయెట్టి పళ్ళు రాలగొట్టేద్దురు" అంది. మంత్రం పలక్కుండా చిల్లంగికి శ్రీకాకుళం వైపు వేసే శిక్ష అది. నాన్న భయపడి అత్తకి రైలు టికెట్టు సంగతి కనుక్కోవడం మొదలెట్టారు.

ఇంతలో వానలు పడ్డాయి, పెద్దమ్మ మొగుడికి కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో విశ్రాంతి, పత్యం అన్నారు. ఆవిడకి అది చాల్లేదు. కుళాయి దగ్గర అత్త నీళ్ళు పడుతుంటే, లైనంతా చూస్తుండగా వచ్చింది.

"అక్కా, నీ కాళ్ళట్టుకుంటాను. మా ఇంటాయన కళ్ళు పసుపుముద్దలైపోనాయి. పసరియ్యవా?"

"నోరు తెరు" అంది అత్త.

"ఏటి?"

"పళ్ళు చూడాల. తెరు."

తెరిచింది, పాపం అని కూడా నేననను. అత్త వేలితో ఒక్కో పన్నూ తట్టింది, నింపాదిగా, సంతలో ఎద్దుని బేరమాడినట్టు. బిందె పొంగి కాలవలోకి పోతున్నా ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ కళ్ళ నీళ్ళు అత్త చేతిమీద పడ్డాయి. "గట్టివే. రాయి కావాల్సిందే" అంది అత్త. చెయ్యి కడుక్కుని, "సర్లే, ఉండనీ" అంది.

మర్నాడు పసరిచ్చింది. పసరుకో, విశ్రాంతికో, ఆయన లేచి తిరిగాడు. నాన్న టికెట్టు మాటెత్తలేదు. మరుసటేడు ఘటం మొట్టమొదట మా గుమ్మంలోనే ఆగింది. మోసింది పెద్దమ్మే. అత్త ఆవిడ కాళ్ళమీద పసుపునీళ్ళు పోస్తూ నోటికేసి చూసి నవ్వింది. ఆవిడ చప్పున పెదాలు బిగించేసింది.

అంతా విని మనవరాలు కలం పక్కన పెట్టింది. "మరి పళ్ళు తట్టినప్పుడు టైగర్ కిస్ మే థా, మామ్మా?"

"అత్తలో. చూసి సంబరపడ్డ నాలో కూడా."

"అబ్ తో పెద్దమ్మ కో మాఫ్ కర్ దో."

"ఏటి మాఫు!" అన్నాను.

అత్త పోయింది, పెద్దమ్మ పోయింది, ఆ క్వార్టర్లూ కూలగొట్టేశారు. నా నోట్లో ఇప్పుడున్నవి కట్టుడు పళ్ళు. నా పులికి మాత్రం ఇన్నేళ్ళయినా ఒక్క పన్నూ ఊడలేదు.