నూనె రాయని ముక్క

డెబ్బై దాటిన మనిషికి ఇంకా ఈ కుళ్ళేమిటని మా ఆవిడ అంటుంది. అననీ. ఆమెకేం తెలుసు? మొన్న నిజామాబాద్‌లో మా పాలిటెక్నిక్ క్లాసు వాళ్ళం ఒక ఫంక్షన్ హాల్లో కలిశాం. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, బోధన్ నుంచి బస్సులో నిలబడి వెళ్ళాను. హాల్లోకి అడుగుపెట్టేసరికి అందరూ ఒకే కుర్చీ చుట్టూ మూగి ఉన్నారు. ఆ కుర్చీలో ఎవరున్నారో చూడక్కర్లేదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఒక్కడు నావైపు తిరిగి "ఆఁ, వచ్చినవా" అన్నాడు, మళ్ళీ అటే తిరిగాడు.

బంగ్లాదేశ్ యుద్ధం ముగిశాక మేము మెకానికల్ డిప్లొమాలో చేరాం. అందరం మీసాలు సరిగ్గా రాని వాళ్ళం. అతనొక్కడే పెద్దవాడు. రెంజల్ దిక్కు పల్లెటూరు. మిలిటరీలో చేసి, యుద్ధంలో ఎడమ చేతి రెండు వేళ్ళు పోగొట్టుకుని, మాజీ సైనికుల కోటాలో మా క్లాసుకు వచ్చాడు. వచ్చిన రోజే ఎవడో "ఫౌజన్నా" అని పిలిచాడు. ఇక చదువు అయిపోయేదాకా ఆ పిలుపే.

అబ్బో, ఏం మర్యాదలు! హాస్టల్ మెస్సులో పప్పు అడుగంటితే మాకు చారు, ఆయనకు మాత్రం గిన్నె గీకి మరీ పప్పు. క్యాంటీన్‌లో చాయ్ ముందు ఆయనకే. ఆయన ఏమైనా గొప్పలు చెప్పుకునేవాడా అంటే అదీ లేదు. చెప్పుకుంటే నాకు కాస్త హాయిగా ఉండేది. "యుద్ధంల ఏం సూసినవే అన్నా?" అని పోరగాళ్ళు వెంటపడితే, "బురద సూసిన. మస్తు బురద," అనేవాడు. అంతే. దానికే అందరూ నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. నేను వర్షాకాలంలో మా చెరుకు తోటల్లో అంతకంటే ఎక్కువ బురద చూశాను. నన్నెవరూ అడగలేదు.

అతను రాకముందు, అంటే మొదటి వారం రోజులు, వర్క్‌షాపులో నేనే మొనగాణ్ణి. తర్వాత అతను ఆకురాయి పట్టాడు. మా పని ఇది: అరచెయ్యంత ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీసి, ఇంకో ముక్కలో చేసిన గాడిలో కూర్చోబెట్టాలి. సార్ ఆ రెంటినీ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసేవాడు. మధ్యలోంచి వెలుగు గీత కనిపిస్తే పని చెడినట్టే. నాది పట్టుకుంటే వెంట్రుకంత గీత కనిపించేది. అతనిది పట్టుకుంటే ఏమీ కనిపించేది కాదు. మూడు వేళ్ళ చేత్తో ముక్కను అదిమి పట్టి చేసిన పని! "షాబాష్" అని సార్ అతని వీపు తట్టేవాడు. నా ముక్క చూసి "పర్వాలేదు" అనేవాడు. ఆ మాట వింటే నా ఒళ్ళు మండిపోయేది.

అది ఇనుము దొరకని కాలం. ఒక్కొక్కరికి ఒక్కటే ముక్క. చెడగొట్టుకుంటే ఇంకోటి లేదు. అందుకని సార్ ఒక ఆనవాయితీ పెట్టాడు. సాయంత్రం పని అయ్యాక ఒక విద్యార్థి అందరి ముక్కలకూ నూనె రాసి, చెక్క పెట్టెలో సర్దాలి. పెట్టె తాళం సార్ దగ్గర. నూనె రాయకపోతే ఇనుము ఒక్క రోజులో తుప్పు పడుతుంది. వారానికి ఒకరి వంతు.

ఇక మా బాపు, అంటే మా నాన్న. బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరుకు ఆడినన్ని నెలలే పని. గానుగ ఆగిందంటే బాపు ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాతో అసలే మాట్లాడేవాడు కాదు. ఒక ఆదివారం నన్ను చూడటానికని బెల్లం మూట పట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి బాపు, ఫౌజన్న మంచం మీద కూర్చుని, అతని తెగిన వేళ్ళ మొదళ్ళు చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. "నొస్తదా బిడ్డా?" అంటున్నాడు. నాకు టైఫాయిడ్ వచ్చి నెల రోజులు పడి ఉన్నప్పుడు కూడా బాపు నన్నలా అడగలేదు. బెల్లం సగం అతనికే ఇచ్చి పోయాడు. మిగిలిన సగం నేను ముట్టుకోలేదు, చీమలు తిన్నాయి.

ఆఖరి ఏడాది మా పరీక్షలకు ముందు బాపు చేసే చక్కెర ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. మా క్లాసు నుంచి ఒక్కరిని తీసుకుంటారు. వర్క్‌షాపు పరీక్షలో మొదట వచ్చినవాడికే ఆ పని. సీజన్ పని కాదు, పన్నెండు నెలల పని. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ లేని పని. బాపు కూలీ కోసం నిలబడిన గేటులోంచే నేను లోపలికి వెళ్ళవచ్చు. మొదటివాడు ఎవరో క్లాసంతటికీ తెలుసు. నాకైతే ఇంకా బాగా తెలుసు.

పరీక్ష రోజు పొద్దంతా పని చేశాం. మరునాడు బయటి నుంచి వచ్చే సార్లు చూసి మార్కులు వేస్తారు. ఆ వారం నూనె వంతు నాది. అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. నేను ఒక్కొక్క ముక్కకూ శ్రద్ధగా నూనె రాశాను. నాదానికి రెండుసార్లు రాశాను. అతని ముక్క మిగిలింది. కిటికీకి పట్టి చూశాను. ఎక్కడా వెలుగు లేదు.

మరిచిపోయానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు తడుపుకుని వచ్చి, ఆ ముక్కను గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాను. నూనె రాయకుండా అలాగే పెట్టెలో పెట్టాను. తాళం వేయమని సార్‌ను పిలిచాను.

పొద్దున పెట్టె తెరిచారు. అన్నీ తళతళా మెరుస్తున్నాయి. అతనిది ఎర్రగా ఉంది. నేను అనుకోనిది ఒకటి జరిగింది. తుప్పు అంతటా పట్టలేదు, నా చెయ్యి పడిన చోటే పట్టింది. నాలుగు వేళ్ళు వరుసగా, అచ్చు గుద్దినట్టు కనిపిస్తున్నాయి. అతను ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ఆ వేళ్ళను చూశాడు. తర్వాత నా చేతులవైపు చూశాడు.

"ఏందిది?" అని సార్ కేకేశాడు. "నూనె ఎవరు రాసిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "తప్పు నాదే సార్. పెట్టెల పెట్టినంక, తాళం ఎయ్యకముందు మళ్ళ సూసుకుందమని తీసిన. తడి చెయ్యి తాకింది." అంటూ తన ఎడమ చేతిని ఆ గుర్తుల మీద కప్పి పట్టుకున్నాడు. అక్కడ వేళ్ళు మూడు, తుప్పులో నాలుగు. సార్ లెక్కపెట్టలేదు.

అతనికి మార్కులు తగ్గాయి. రెండోవాణ్ణయిన నేను మొదటివాణ్ణయ్యాను. ఫ్యాక్టరీ పని నాకొచ్చింది. మొదటి రోజు బాపు గేటు దాకా నా వెంట వచ్చాడు. చెరుకు బండ్ల పక్కన నిలబడి, నేను లోపలికి వెళ్ళేదాకా చూశాడు. కొన్నేళ్ళకు పోయాడు. ఫ్యాక్టరీ మూతపడేదాకా నేను అక్కడే చేశాను. అతను నందిపేట్‌లో మోటార్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. చుట్టుపక్కల రైతులంతా అతని పేరే చెప్పేవాళ్ళు. చివరికి మా బావమరిది బోరు మోటారు కాలిపోయినా అతని దగ్గరికే పట్టుకుపోయాడు. ఇంట్లో నేనుండగా! ఆ పూట నేను అన్నం తినలేదు.

ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక అతను ఒంటరిగా చేతులు కడుక్కుంటూ దొరికాడు. ఎన్నేళ్ళ నుంచో మనసులో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "అన్నా, గా ముక్కకు నూనె రాయంది నేనే," అన్నాను.

"తెల్సు తమ్మీ. ముక్క పట్టే చేతికి నాకు నాలుగు వేళ్ళెక్కడివి?" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు మళ్ళీ కోపం వచ్చింది. తిట్టవచ్చు కదా! తప్పు ఒప్పుకునే చోట కూడా ఇతనే నా కంటే పెద్దమనిషి కావాలా?

"మరి సార్‌తోని ఎందుకు చెప్పలే?"

అతను తుండుతో చేతులు తుడుచుకుని, దాన్ని భుజాన వేసుకున్నాడు. "పరీచ్చకు వారం ముంగట మీ బాపు నా కాడికొచ్చిండు. నువ్వు మెస్సుల ఉన్నవు. గా ఫ్యాక్టరీ సీటు మావోనికి ఇడిశిపెట్టు బిడ్డా అన్నడు. సరే బాపూ అన్న. పరీచ్చల పని చెడగొడ్దమనే కూసున్న గని, చెయ్యి ఒప్పుకోలే. సీటు నాకే వస్తే వద్దని రాసిద్దమనుకున్న. తెల్లారి సూస్తే నువ్వే నా పని అల్కగ చేసిపెట్టినవు."

ఆ సీటు ఎలాగూ నాదే. నేను ఆ ముక్కను ముట్టుకోకపోయినా నాదే. బాపు తల దించుకుని అడిగి, ముందే తెచ్చి పెట్టాడు. బాపుకు అతనంటేనే ఇష్టమని ఇన్నేళ్ళూ ఏడ్చాను.

"ఇంకేమన్నడు బాపు?" అన్నాను.

"మావోని చెయ్యి మంచిదే బిడ్డా, అన్నడు. గని కన్ను తన పని మీద ఉండది, పక్కోని పని మీద ఉంటది. గందుకే ఎనుకవడ్తడు, అన్నడు."

నా చెయ్యి మంచిదట. ఆ ఒక్క మాట కోసమే నేను ఆకురాయి పట్టాను, ఫ్యాక్టరీలో అన్నేళ్ళు చేశాను. బాపు ఆ మాట అన్నాడు, కానీ నాతో కాదు, ఇతనితో అన్నాడు. యాభై ఏళ్ళు ఇతని దగ్గర ఉంది.

"ఇంకొక్కసారి చెప్పన్నా," అన్నాను.

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి బాపు మాట్లాడినట్టే, ప్రతి మాట చివరా కాస్త దగ్గి, గొంతు తగ్గించి చెప్పాడు. బాపు అలా దగ్గేవాడని నాకు అప్పుడే గుర్తొచ్చింది. బాపు గొంతు నేను ఏనాడో మరిచిపోయాను. అతను మరిచిపోలేదు.