మాటలు వినిపించే స్పీకరు

గద్వాలలో మేముండే వీధిలో సీరియళ్ల కోసం ఎవరూ టీవీ పెట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. సాయంత్రం మా ఇంట్లో పెడితే చాలు, చివరి ఇంటిదాకా వినిపించేది. అంత సౌండు మా మామయ్య కోసం. ఆయన వయసంతా పత్తి మిల్లులో, గింజ తీసే యంత్రాల పక్కన పనిచేశారు. ఆ హోరు ఆయన వినికిడిని మెల్లమెల్లగా తినేసింది. కర్నూలులో పెద్ద డాక్టరుకు చూపిస్తే చెవి మిషన్ రాసిచ్చాడు. అది చెవిలో కీచుమంటోందని మామయ్య కొన్నాళ్లకే తీసి బీరువాలో పెట్టేశారు.

పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నేనొక సంగతి గమనించాను. సినిమాలో కామెడీ సీను వస్తే మేమంతా నవ్వేవాళ్లం. మామయ్య మాత్రం ఒక్క క్షణం ఆగి, మా ముఖాలు చూసి, అప్పుడు నవ్వేవారు. ఆయనకు జోకు వినపడేది కాదు, మా నవ్వు కనపడేది. మొదట్లో "ఏమన్నడు, ఏమన్నడు?" అని అత్తమ్మను అడిగేవారట. ఆమె చెప్పేలోపు తర్వాతి మాట కూడా పోతోందని, చివరికి అడగడమే మానేశారట.

డీవీడీ ప్లేయర్లు చవకై, ఎవరింటికి వెళ్లినా హోమ్ థియేటర్ ముచ్చట్లే వినపడుతున్న రోజులవి. మా ఆయన ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేవాడు. ఆ ఏడు బోనస్ రాగానే హోమ్ థియేటర్ కొనాలన్నాడు. స్నేహితుడి ఇంట్లో చూసొచ్చాడు. తెర మీద బాంబు పేలితే కూర్చున్న కుర్చీ అదిరిందట. ఆ సంగతి చెప్తున్నప్పుడు చిన్నపిల్లాడిలా మెరిసిపోయాడు. అప్పు చెయ్యొద్దు, వాయిదాలు కట్టొద్దు, బోనస్‌లో వచ్చినంతలోనే కొనాలని ఇద్దరం అనుకున్నాం.

"కొందాం. కాని మామయ్యకు మాటలు తెలిసేటట్టుండాలె," అన్నాను.

"సౌండు పెద్దగుంటే మాట గూడ పెద్దగనే ఉంటది గద," అన్నాడు.

నాకలా అనిపించలేదు. నేను బడిలో పాఠాలు చెప్పే మనిషిని. పిల్లలు గోల చేస్తున్నప్పుడు నేనెంత అరిచినా వెనక బెంచీకి నా మాట చేరదు. గోల ఆగితే మామూలుగా చెప్పినా చేరుతుంది. మామయ్య విషయంలోనూ అంతే. వార్తలు చదివే అమ్మాయి మాటలు ఆయనకు చాలావరకు తెలిసేవి. సినిమాలో మాట వెనక వాయిద్యాలు మొదలయ్యాయంటే ఒక్క ముక్క అందేది కాదు. అందుకని మా ఆయనతో, "తక్కువైంది సౌండు గాదు. మాట మీద ఇంకేందో వచ్చి పడుతున్నది," అన్నాను. ఆయన సరేనన్నాడు గానీ నమ్మినట్టు లేడు.

ముందు గద్వాలలోనే ఒక దుకాణానికి వెళ్లాం. అన్నీ ఒకే అట్టపెట్టెలో వచ్చే సెట్టు. అరచేతిలో పట్టే స్పీకర్లు ఐదు, స్టూలంత బేసు డబ్బా ఒకటి. దుకాణదారు కార్లు గుద్దుకునే సీను పెట్టాడు. అద్దాల బీరువా గడగడలాడింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఇద్దరు మనుషులు మాట్లాడుకునే సీను పెట్టమన్నాను.

"డైలాగులు ఎవరింటరు మేడం? బేసు సూడుర్రి, బేసు!" అన్నాడు దుకాణదారు.

కొనకుండానే వచ్చేశాం. ఆ రోజు మా ఆయన అన్నం ముందు కూడా ముభావంగానే కూర్చున్నాడు. "పైసలు చేతులున్నయి, డబ్బా ముందల్నే ఉండె. ఒట్టి చేతులతోని వస్తిమి," అని అత్తమ్మతో చెప్పుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం వనపర్తి బయలుదేరాం. అక్కడ స్పీకర్లు, యాంప్లిఫయర్లు విడివిడిగా అమ్మే దుకాణం ఉందని బడిలో ఎవరో చెప్పారు. ఈసారి మామయ్యను కూడా రమ్మన్నాను.

"నేనెందుకు బిడ్డా? గవన్ని నాకేం తెల్వదు."

"వినేది మీరే గద మామా. మీరు లేకుంటే ఎట్ల కొంటం?"

తెల్ల చొక్కా తీసి తొడుక్కున్నారు.

దుకాణం ఇరుకుగా ఉంది. యజమాని మాత్రం ఓపిక ఉన్న మనిషి. సంగతంతా విని, నేను ఇంటి నుంచి తెచ్చిన సినిమా డిస్కు ప్లేయర్లో పెట్టాడు. మామయ్యను టీవీకి వీపు చేసి కూర్చోబెట్టాను. ఎదురుగా ఉంటే పెదాల కదలిక చూసి సగం మాటలు పట్టేస్తారు మరి. సినిమాలో తల్లి కొడుకును పిలిచి, బావకు కాఫీ ఇచ్చి రమ్మంటుంది. అక్కడ ఆపించి అడిగాను.

"ఏమన్నది మామా ఆమె?"

మామయ్య కాసేపు ఆలోచించారు. "బాయిల కోడి పడ్డదంటున్నది."

మేం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయనా నవ్వారు గానీ, చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చున్నారు. అది గద్వాలలో చూసినటువంటి అట్టపెట్టె సెట్టే. యజమాని సౌండు ఇంకా పెంచి, అదే సీను మళ్లీ వేశాడు.

"ఇప్పుడెట్లున్నది కాకా?"

"ఇప్పుడు కోడి బాగ మొత్తుకుంటున్నది," అన్నారు మామయ్య.

నేను అల్మారా వైపు చూశాను. అక్కడ పేరూ ఊరూ లేని ఒక నల్లటి యాంప్లిఫయర్ ఉంది. ముందు వైపు గుండ్రటి మీటలు వరసగా ఉన్నాయి. అన్ని మీటలు ఎందుకని అడిగాను.

"ఒక్కో స్పీకరుకు ఒక్కో మీట అక్కా. హైదరాబాదుల తయారు చేస్తరు. బేసు వేరే, వెనక స్పీకర్లు వేరే, మధ్యది వేరే. డీవీడీల మాటలు ఎక్కువ మధ్యల దాంట్లకెల్లి వస్తయి."

"అంటే మధ్యది పెంచి, మిగతయి తగ్గియ్యొచ్చా?"

"తగ్గియ్యొచ్చు. కాని గట్ల ఎవరూ పెట్టుకోరు."

"మేం పెట్టుకుంటం," అన్నాను.

మధ్యలో పెట్టే స్పీకర్లు ఒక్కొక్కటే తీయించాను. మొదటిదాంట్లో మాట కుండలోంచి వచ్చినట్టు ఉంది. రెండోది పెట్టగానే మామయ్య చెవి మూసుకున్నారు. "వద్దు బిడ్డా, సూదితోని పొడిచినట్టున్నది." ఆ తర్వాత యజమాని పై అరలోంచి ఒక వెడల్పాటి స్పీకరు దింపాడు. జల్లెడలాంటి మూత వెనక శబ్దం పలికే గుండ్రటి కోన్లు రెండు, వాటి నడుమ ఒక చిన్నది. వైర్లు కలిపి మధ్య మీట పెంచాడు. మిగతావి బాగా తగ్గించమని నేనే చెప్పాను.

సీను మొదలైంది. తల్లి కొడుకును పిలిచింది.

మామయ్య కుర్చీలోనే గబుక్కున మా వైపు తిరిగారు. "కాఫీ! కోడి గాదు బిడ్డా, కాఫీ! బావకు కాఫీ ఇచ్చి రమ్మంటున్నది!"

"తర్వాత ఏమంటున్నది?"

"చక్కెర తక్కువెయ్యమంటున్నది. ఆయనకు షుగరున్నదంట గద!"

ఆ మాట మేం కూడా సరిగ్గా పట్టించుకోలేదు. వెనక్కి తిప్పి వింటే నిజమే. నాకు అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది. మామయ్య అంతటితో ఆగలేదు. ఆ సీను పూర్తయ్యేదాకా ఒక్కో మాట మాకు తిరిగి చెబుతూనే ఉన్నారు, మేం చెవిటివాళ్లమైనట్టు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఆ స్పీకరు ఒక్కదాని ధర మిగతా స్పీకర్లన్నీ కలిపినంత ఉంది. దాన్నీ యాంప్లిఫయర్నీ తీసుకుంటే, మిగిలిన బోనస్ డబ్బుకు ముందు పెట్టుకునే మామూలు స్పీకర్ల జత ఒకటి వస్తుంది. బేసు డబ్బా రాదు, వెనక స్పీకర్లు రావు. కుర్చీ అదరదు.

తేల్చాల్సింది మా ఆయనే. బోనస్ ఆయనది, ముచ్చట ఆయనది. మా ఆయన బేసు డబ్బా మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాడు. అటు మామయ్య టీవీకి వీపు చేసుకునే, ఎవరూ అడగకుండానే, తర్వాతి సీను మాటలు అప్పజెబుతున్నారు. మా ఆయన ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

"బేసు ఏడికి పోతది, మళ్ల కొనుక్కుందం," అన్నాడు యజమానితో. "గియ్యే కట్టుర్రి."

తిరుగు బస్సులో ఆ స్పీకరు పెట్టెను మామయ్య ఎవరికీ ఇవ్వలేదు. పైన పెడతానన్న కండక్టరును కూడా వద్దన్నారు. బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ ఏటి ఒడ్డున గుడిలో ఉన్న ఆంజనేయస్వామికి చేతులెత్తి మొక్కారు. మామయ్యకు చేతులు ఖాళీ లేవు. పెట్టె మీదికే తల వంచి మొక్కారు.

ఇంటికి రాగానే అత్తమ్మ డబ్బాలన్నీ చూసి, "థియేటరంటిరి, నాకైతే అంగడి సామాను లెక్క కొడుతున్నది," అంది. మా ఆయన వైర్లు లాగి గోడ వెంబడి మేకులు కొట్టాడు. మధ్య స్పీకరును టీవీ మీద పెడితే మాట మామయ్య తల మీదుగా పోతున్నట్టు అనిపించింది. నేను పాత చీర మడతపెట్టి స్పీకరు వెనక భాగం కింద దోపాను. దాని ముఖం వంగి సరిగ్గా ఆయన కుర్చీ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఒక కామెడీ సినిమా పెట్టాం. సినిమా కన్నా మామయ్యనే ఎక్కువ చూస్తున్నాం. మొదటి జోకు వచ్చింది. మాకు నవ్వు రాకముందే మామయ్య పకపకా నవ్వారు. ఒక్కరే, మా ఎవరి ముఖమూ చూడకుండా, కళ్లు టీవీ మీదే పెట్టి. అత్తమ్మ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగింది.

"వినపడ్డదా?"

"వినపడకేమి? నువ్వు జర సప్పుడు చెయ్యకు, డైలాగు పోతది."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు, రెండూ అయ్యుంటాయి. కాసేపటికి మామయ్య, "గింత సౌండెందుకు, తక్కువ చెయ్యి. పక్కింటోళ్లు ఏమనుకుంటరు?" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకుని ఉండరు. మా ఆయన లేచి సౌండు తగ్గించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "టీచరమ్మా, గెలిచినవ్," అన్నాడు మెల్లగా. నా గొప్ప ఎంత చెప్పుకున్నా తక్కువే అనిపించింది ఆ క్షణాన.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద మిల్లులో మామయ్యతో పనిచేసినవాళ్లంతా చేరి ఉన్నారు. మామయ్య వాళ్లకు రాత్రి సినిమా కథ చెబుతున్నారు. హీరో మాట హీరోలా, అత్త మాట అత్తలా, ఎక్కడ ఎవరు ఏమన్నారో అన్నీ గొంతు మార్చి మరీ చెబుతున్నారు. వాళ్లలో కొందరికి చెవులు ఆయనకన్నా మొద్దు, అందుకని గట్టిగా అరిచి చెబుతున్నారు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తూ విన్నాను. ఒక్క డైలాగు కూడా తప్పు పోలేదు. ఒకటి రెండు చోట్ల మాత్రం సినిమాలో లేనివి కలిపారు. అవి అసలు వాటికన్నా బాగున్నాయి.