మా తాతయ్య కేకా, పెరట్లో ఎర్ర బల్బూ

మా తాతయ్య గొంతు వినపడకుండా మా పేటలో వీధి లైటు వెలిగిన రోజు లేదని పెద్దవాళ్ళు చెబుతారు. ఆయన ఉద్యోగమే అది. పొద్దు వాలగానే సైకిలెక్కి, ఒక్కో వీధి మొదట్లో ఉన్న స్తంభం దగ్గర దిగి, దానికి బిగించిన ఇనప పెట్టె తాళం తీసి, లోపలి మీట పైకెత్తాలి. వీధి వీధంతా వెలుగుతుంది. తెల్లవారాక మళ్ళీ వెళ్ళి దించాలి. ముప్ఫై ఒక్క వీధులు, ముప్ఫై ఒక్క తాళాలు. ఆ గుత్తి గలగలలు ఆయనకంటే అరనిమిషం ముందు ఇంటికొచ్చేవట.

మీట ఎత్తేముందు తాతయ్య ఒక కేక వేసేవాడు.

"కరెంటొస్తోందీ! పక్కకి రండీ!"

వీధి చివర పడుకున్న కుక్క లేచి, చోటు మార్చుకుని, మళ్ళీ పడుకునేంత కేక. ఆ తర్వాత తలెత్తి ఒక్కో స్తంభాన్నీ చూసుకుంటూ పది లెక్కపెట్టి అప్పుడు మీట ఎత్తేవాడు. చివరి బల్బు వెలిగేదాకా అక్కడినుంచి కదిలేవాడు కాదు. పక్క పేటల్లో ఇదే పని చేసేవాళ్ళు నోరు మెదపకుండా మీట ఎత్తి చక్కా పోయేవారు. నీకెందుకయ్యా ఈ గోల అని ఎవరైనా అడిగితే, "నోరుంది కదా, తుప్పు పట్టకుండా వాడుకుంటున్నా" అనేవాడు. దాంతో ఆయన అసలు పేరు జనం మర్చిపోయారు. కేకల మేస్త్రి అంటేనే పలికేవాడు.

అమ్మమ్మ కొత్త కాపురంలో ఆ కేక వినపడగానే కిటికీ మూసేసుకునేదట. "మీ ఆయనేం చేస్తాడని అడిగితే నేనేం చెప్పను? అరుస్తాడని చెప్పనా?" అని గొడవ. పెట్టెల్లో గడియారాలు బిగించి, లైట్లు వాటంతటవే వెలిగేలా చేశాక తాతయ్య తాళాల గుత్తి అప్పజెప్పేసి ఇంటికొచ్చాడు. గొంతు మాత్రం అప్పజెప్పలేదు. మిక్సీ వేసేముందు కేక. ఇస్త్రీపెట్టె పెట్టేముందు కేక. ఫ్యానుకి కూడా కేక వేస్తే, పెళ్ళిచూపులకొచ్చిన మా నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

తొమ్మిదో తరగతికీ నాకూ రెండేళ్ళయినా పొత్తు కుదరకపోయేసరికి, మావాళ్ళు నన్ను తీసుకొచ్చి అమ్మమ్మకి సాయంగా ఇక్కడ దింపారు. సాయం సంగతి తర్వాత చెబుతాను.

అమ్మమ్మ పెరట్లో మొక్కలు పెంచి అమ్మేది. గులాబీ, మల్లె, నిమ్మ అంట్లు, పేరు తెలియని తీగలు, మొత్తం మూడొందల కుండీలు. పెరటి చివర నీళ్ళ తొట్టి, దాని పక్కన చిన్న మోటరు. మోటరు స్విచ్చు మాత్రం వెనక వరండాలో ఉండేది. తొట్టికీ స్విచ్చుకీ నలభై రెండడుగులని తాతయ్య లెక్క. అప్పటికే అమ్మమ్మ మోకాళ్ళు మూలుగుతున్నాయి. చెవులు అంతకు ముందే సెలవు పెట్టేశాయి. పక్కన పిడుగు పడినా, "ఎవరో తలుపు కొడుతున్నారు చూడవే" అనేది.

తాతయ్య ఇంట్లో ఉంటే ఇబ్బంది లేదు. ఆవిడ పైపు గాల్లోకెత్తి చూపించేది, ఈయన వరండాలోంచి కేక వేసి స్విచ్చు వేసేవాడు. వినపడని మనిషి కోసం ఎందుకరుస్తావంటే, "మొక్కలకి వినపడుతుందిగా" అనేవాడు. ఆయన లేని రోజున ఆవిడే నడిచేది. అలా నడుస్తూ ఒకరోజు తడి గచ్చు మీద జారింది. అదృష్టం బాగుండి మట్టి కుప్ప మీద పడింది కానీ, పక్కనే నాపరాళ్ళున్నాయి.

ఆ వారమే మావయ్య ఒక పెట్టె పట్టుకొచ్చాడు. అందులో ఆరుబయట గోడకి బిగించే, రెండు ప్లగ్గులు పట్టే సాకెట్టు, మూతతో సహా. దాన్ని దూరంనుంచి నొక్కడానికి అగ్గిపెట్టెంత రిమోట్లు రెండు.

"మోటరు దీనికి తగిలిస్తే చాలు నాన్నా. అమ్మ ఉన్న చోటునుంచే నొక్కుకుంటుంది. వంటింట్లోంచైనా నొక్కొచ్చు" అన్నాడు మావయ్య.

"వంటింట్లో కూర్చున్నవాడికి తొట్టి దగ్గర మీ అమ్మ చెయ్యి ఎక్కడుందో కనపడుతుందా?"

"అందుకేగా అమ్మ చేతికిస్తున్నాం!"

"రెండున్నాయిగా. రెండోది ఎవరి చేతికి?"

మావయ్య నావైపు చూశాడు. నేను పైకప్పు చూశాను.

తాతయ్య భయం వట్టిది కాదు. తొట్టిలో ఆకులు రాలి, మోటరు పీల్చే గొట్టం చివరి జల్లెడకి అడ్డంపడేవి. అమ్మమ్మ రోజుకొకసారి నీళ్ళలో చెయ్యి పెట్టి వాటిని తీసేది. "ఆ చెయ్యి నీళ్ళలో ఉండగా ఎక్కడినుంచో ఎవరో నొక్కితే? మోటరు వైరు ఎక్కడో తెగి ఉంటే? అరిచినా వినపడదురా ఆవిడకి" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏంటంటున్నారు?" అంది అమ్మమ్మ.

"టీ తాగుతావా అంటున్నా."

"పెదాలు చూస్తే తెలీదా నాకు! అది కావాలి నాకు. నలభై రెండడుగులు మీరు లెక్కపెట్టారు, నేను నడిచాను."

తాతయ్య మర్నాడు పొద్దున్నే భూతద్దం పట్టుకుని పెట్టెలో వచ్చిన కాగితం చదవడం మొదలుపెట్టాడు. తర్వాత మోటరు మీదున్న రేకు చదివాడు, సాకెట్టు వెనకున్న అంకెలు చదివాడు. "మోటరు లాగే కరెంటుకంటే ఇది మోసేది ఎక్కువుండాలి. లేకపోతే గాడిద మీద ఏనుగునెక్కించినట్టే." లెక్క సరిపోయాక మెయిన్ ఆపి, ఆగిందో లేదో టెస్టరు పెట్టి చూసి, అప్పుడు పని మొదలుపెట్టాడు. సాకెట్టుని తొట్టి పక్క గోడకి, పైపు నీళ్ళు చిందని ఎత్తులో, పైన చిన్న రేకు చూరు కట్టి బిగించాడు. వైరుని తిన్నగా పెట్టెలోకి తీసుకెళ్ళకుండా కిందికి వేలాడదీసి, వంపు తిప్పి, అడుగునుంచి పైకెక్కించాడు. వాన నీళ్ళు వైరు వెంట వచ్చినా వంపు దగ్గరే కారిపోవాలట. "నీళ్ళకి దిగడం తెలుసు కానీ ఎక్కడం తెలీదే" అని నాకు చెప్పాడు. తొమ్మిదో తరగతిలో ఇలా చెప్పేవాళ్ళుంటే నా బతుకు వేరేగా ఉండేది.

ఎర్తు వైరు రెండుసార్లు లాగి చూశాడు. వరండాలో కొత్తగా ఒక ట్రిప్పు స్విచ్చు పెట్టాడు. కరెంటు పక్కదారి పడితే టక్కున అదే పడిపోతుంది. దాని మీద చిన్న బొత్తాం ఉంది. "నెలకోసారి ఇది నొక్కి చూడాలి. పడిపోతే కాపలా కుక్క. పడకపోతే బొమ్మ కుక్క, మార్చెయ్యాలి."

రెండో రోజు సాయంత్రానికి మావయ్యకి ఓపిక పోయింది. "ఇదేం రాకెట్టు కాదు నాన్నా!"

"రాకెట్టయితే ఇంత భయం లేదురా. మీ అమ్మ ఎక్కదుగా."

సాకెట్టు బొత్తాం కాసేపు నొక్కి పట్టుకుంటే చిన్న దీపం మిణుకుమంది. అప్పుడు రిమోటు నొక్కితే ఆ రెండింటికీ చుట్టరికం కుదిరింది. తొట్టి దగ్గరనుంచి నొక్కారు, పనిచేసింది. వంటింటి గోడ అవతలనుంచి నొక్కారు, అప్పుడూ పనిచేసింది. మావయ్య చప్పట్లు కొట్టాడు. తాతయ్య మొహం మాడిపోయింది.

ఆ రాత్రి ఏం ఆలోచించాడో, తెల్లారేసరికి సాకెట్టులో రెండో ప్లగ్గు చోట ఒక ఎర్ర బల్బు వేలాడదీశాడు. రిమోటు నొక్కితే మోటరూ బల్బూ కలిసే మొదలవుతాయి. అమ్మమ్మ భుజం తట్టి బల్బు చూపించాడు. "నా గొంతు నీకందదుగా. ఇది ఎర్రగా ఉంటే కరెంటుందని."

ఆవిడ బల్బుని ఎగాదిగా చూసి, "మీకంటే ఇదే నయం, చప్పుడు చెయ్యదు" అంది.

అసలు పాఠం తర్వాత మొదలైంది. బల్బు ఆరినంత మాత్రాన నమ్మకూడదు, బల్బు మాడిపోయీ ఉండొచ్చు. రిమోటుతో ఆపింది ఆపినట్టు కాదు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు ఒళ్ళూ చేతులూ పొడిగా ఉండగానే ప్లగ్గు పీకి, ఆ వైరు మెళ్ళో వేసుకోవాలి. "ప్లగ్గు నీ ఒంటి మీదుంటే ప్రపంచంలో ఎవడు నొక్కినా నీకేం కాదు." ఇదంతా చేతులు తిప్పుతూ, కేకలేస్తూ ఆవిడతో పదిసార్లు చేయించాడు. ఎనిమిదోసారికి ఆవిడ, "కాపురానికొచ్చినప్పుడు కూడా ఇన్ని షరతులు పెట్టలేదు" అంది. పదోసారి మాత్రం చెప్పకుండానే చేసింది.

ఒక రిమోటు దారం కట్టి ఆవిడ మెళ్ళో వేశాడు. రెండోదాన్ని బీరువా పైన పెట్టి, దాని బ్యాటరీ తీసి కళ్ళజోడు పెట్టెలో దాచాడు, రాక్షసుడి ప్రాణం చిలకలో దాచినట్టు. అది కనిపెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

నేను మొదటిసారి నొక్కిన రోజు తాతయ్య ఊళ్ళోకెళ్ళాడు. వంటింటి కిటికీ వెనక కూర్చుని నొక్కాను. నేల మీద పడున్న పైపు పాములా లేచి అమ్మమ్మని నిలువునా తడిపేసింది. ఆవిడ మెళ్ళో రిమోటు పట్టుకుని, "నేను నొక్కలేదే! నేను నొక్కలేదే!" అని దానికే సంజాయిషీ చెప్పుకుంటోంది. నాకు నవ్వాగక కడుపు నొప్పొచ్చింది. లోపలికొచ్చి నాతో గుసగుసగా, అంటే నాలుగిళ్ళకి వినపడేలా అంది: "తాతయ్యకి చెప్పకే. తెలిస్తే పీకి పారేస్తాడు. మళ్ళీ నేను నడవాలి."

అంతటితో ఆగాల్సింది. మర్నాడు సాయంత్రం మళ్ళీ కిటికీ దగ్గర చేరాను. కుండీల వరసల వెనక తొట్టి కనపడదు. చూరు కింద బల్బు మాత్రం కనపడుతుంది. నొక్కాను. బల్బు వెలిగింది కానీ మోటరు చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాను. మరోసారి నొక్కాను. మోటరుకేమైందోనని రిమోటు చేత్తో పట్టుకునే పెరట్లోకి నడిచాను.

అమ్మమ్మ తొట్టి పక్కన చతికిలబడి, మోచెయ్యి దాటేదాకా చెయ్యి నీళ్ళలో పెట్టి ఉంది. మోటరు వైరు మెళ్ళో ఉంది. దాని చివర ప్లగ్గు లాకెట్టులా గుండెల మీద ఊగుతోంది. నన్ను చూసి నవ్వి, గుప్పెడు కుళ్ళిన ఆకులు చూపించింది.

వెనక్కి తిరిగితే తాతయ్య. ఆయన చూపు నా చేతిలోని రిమోటు మీదుంది.

"ఎన్నిసార్లు నొక్కావు?"

"మూడు."

తిడతాడనుకున్నాను. ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. "నేను చూడకుండా ఒక్కసారే ఎత్తాను" అన్నాడు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. పని నేర్పిన పెద్దాయన స్తంభమెక్కి బల్బు మారుస్తున్నాడు. ఈపాటికి దిగే ఉంటాడనుకుని తాతయ్య తలెత్తి చూడకుండా మీట ఎత్తేశాడు. షాకు కొట్టి పెద్దాయన కిందపడ్డాడు. బతికాడు కానీ కుడిచెయ్యి మళ్ళీ ముడుచుకోలేదు. చచ్చేదాకా టీ గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకున్నాడు.

"నన్ను పల్లెత్తు మాటనలేదే. అంటే బాగుండేది. 'ఒక్క కేక వేస్తే దిగేవాణ్ణి కదరా' అన్నాడు, అంతే."

"అమ్మమ్మకి తెలుసా?"

"ఏం చెప్పను? ఆవిడకప్పుడు కిటికీ మూసుకోవడానికే సరిపోయేది."

ఆ సాయంత్రమే నాచేతే రెండో రిమోటుకీ సాకెట్టుకీ చుట్టరికం తెంపించాడు. వంటింట్లోంచి నొక్కడానికి ఇక ఏమీ లేదు. బదులుగా వరండాలో ట్రిప్పు స్విచ్చు బొత్తాం నాకప్పగించాడు. నెలకోసారి కేక వేసి మరీ నొక్కాలి. మొదటి నెల గొంతు లేవలేదు. "అది కేకా, పిల్లి పిలుపా?" అన్నాడు.

తాతయ్య చనిపోయిన ఏడాది ఆ స్తంభం సంగతి అమ్మమ్మకి చెప్పాను. ఆవిడకి రహస్యం చెప్పాలంటే చెవిలో అరవాలి కాబట్టి వీధంతా విన్నది. అమ్మమ్మ లేచి వెళ్ళి కిటికీ తీసింది.

మర్నాడు సాయంత్రం వంటింట్లో ఉంటే పెరట్లోంచి కేక. చేతిలో గిన్నె జారిపోయింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే, అమ్మమ్మ తొట్టి పక్కన నిలబడి, రిమోటు ముందుకి చాపి, మెడ నరాలు పొంగేలా అరుస్తోంది:

"కరెంటొస్తోందీ! పక్కకి రండీ!"

పెరట్లో కుండీలు తప్ప ఎవరూ లేరు. ఆవిడ ఒక్కో వరసా చూసుకుంటూ పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టి, అప్పుడు నొక్కింది. ఎర్ర బల్బు వెలిగింది. నన్ను చూసి దగ్గరికి రమ్మని చెయ్యూపింది.

"నాకు తెలీదు కదా, నువ్వు చెప్పు. వినపడిందా?"

వినపడిందని తల ఊపాను.

"ఎందాకా?"

వీధి మలుపులో ఉన్న స్తంభం వైపు వేలు చూపించాను.

"చాల్లే" అని పైపు అందుకుని గులాబీలకి తిప్పింది.