మబ్బులను తరిమిన గది

వీధిలో ఎక్కడైనా వెల్డింగ్ జరుగుతుంటే, ఆ కాలిన ఇనుము వాసనకు నేను ఇప్పటికీ పక్క సందులోకి తప్పుకుంటాను.

పామిడి దగ్గర మా ఊళ్లో నాయన గేట్లు వెల్డింగ్ చేసేవాడు. మిగిలిపోయిన రేకులు రెండేళ్లు కూడబెట్టి, మిద్దె మీద చుక్కలు చూసే టెలిస్కోపు కోసం ఒక గది కట్టాడు. దాని కప్పు ఇనుప పట్టాల మీద పక్కకు జరిగేది. సాయంత్రం దాన్ని తోస్తూ, "మబ్బు లేదు, మంచిదయింది" అనేవాడు. కప్పు నాయనది, గొప్పలు నావి. ఆయన కప్పు తోస్తే మబ్బులు పారిపోతాయని బడిలో చెప్పాను. నిజమనే నమ్మాను కూడా.

ఆ ఏడు వానల్లేక శెనక్కాయ చేలు ఎండిపోతున్నాయి. ఒక పొద్దున పదిమంది రైతులు ఇంటికి వచ్చారు.

"మబ్బుల్ని తరుముతాండావంట కదప్పా?"

నాయన నవ్వాడు. "రేకులకు మబ్బులు యాడ బెదురుతాయన్నా? ఎవరు చెప్పినారు?"

"నీ బిడ్డే. అడుగు."

అందరూ నావైపు తిరిగారు. అంతమంది పెద్దవాళ్లు నా మాట కోసం ఆగడం అదే మొదలు.

"అవును, నేను చూసినా" అన్నాను.

నాయన నవ్వు ఆగిపోయింది.

"మేం పగలగొడితే బాగుండదు. నువ్వే కోసెయ్యి" అన్నారు వాళ్లు.

ఆయన గ్యాసు మంటతో పట్టాలు కోస్తుంటే, ఒక పెద్దాయన "నిజం చెప్పినావు" అని నా తల నిమిరి బెల్లం ముక్క పెట్టాడు. నాయన చూస్తుండగానే తిన్నాను.

ఆ ఏడు వాన రాలేదు. చుక్కలు మాత్రం రోజూ తేటగా కనబడేవి. నాయన ఆరుబయట మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అది క్షమించడమేనని చాలా ఏళ్లు అనుకున్నాను.