దుమ్ము దులపడం

రాయగడ స్టేషను రోడ్డులో ఇంటర్నెట్ కొట్టు నడిపే సన్యాసిరావు పొద్దున్నే కీబోర్డులు బోర్లించి దుమ్ము దులుపుతాడు. ఆ తర్వాత, వచ్చినవాళ్ల పేరూ గుర్తింపు కార్డు నంబరూ అడిగి రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటాడు. ఓసారి ఎవడో ఇక్కణ్ణుంచే ఒక కాలేజీ పిల్లకి బూతు ఉత్తరాలు పంపితే వాణ్ణి పట్టించింది ఆ రిజిస్టరే. అప్పట్నుంచి దానికి రోజూ అగరుబత్తి చూపిస్తాడు.

2009 వేసవిలో నర్సు హరిప్రియ అతని కొట్టులోనే కూర్చుని తన బ్లాగులో రాసింది: "బూడిదకి పిల్లలు దగ్గి చస్తున్నారు. ఫ్యాక్టరీ పెద్దల దుమ్ము దులపాలి." వారం తిరక్కుండా పోలీసులొచ్చారు. రిజిస్టరులో ఆమె పేరు దొరికింది. తెలుగు రాని ఒరియా ఇన్‌స్పెక్టరు, దుమ్ము దులపడమంటే నిలదియ్యడమా, కొట్టడమా అని అడిగాడు. ఆమె నిలదియ్యమందని సన్యాసిరావుకి తెలుసు. గోడమీది లైసెన్సుకేసి ఓసారి చూసి, "కొట్టడమే సార్" అన్నాడు. పదకొండు రోజులు జైల్లో ఉండి, ఉద్యోగం పోగొట్టుకుని, హరిప్రియ తిన్నగా అతని కొట్టుకి వచ్చింది. "మన మాటకి అర్దం నీకు తెలీదేటి, మావయ్యా?" అతను తలెత్తలేదు. రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీశాడు.

"పేరు సెప్పమ్మి, రాసుకోవాలి."