లేన్ మొత్తం నీదే

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో ఆఫీసులు వదిలే వేళ. స్నేహితుడి మోటార్‌సైకిల్ మీద, వెనక వచ్చే కార్లకు దారి ఇస్తూ, లేన్ అంచు గీతను పట్టుకుని వెళ్తున్నాను. ఒక పికప్ ట్రక్కు నా లేన్‌లోకే దూరి, మోచేతికి తగిలేంత దగ్గరగా దాటిపోయింది. పక్కనున్న పెట్రోల్ బంకులోకి తిప్పి, "అమ్మా" అంటూ బండి ఆపాను.

నా వెనకే ఇంకో బైక్ వచ్చి ఆగింది. హెల్మెట్ తీస్తే, నెరిసిన జుట్టుతో యాభై దాటిన ఆవిడ.

"మనవాడివేనని నీ డ్రైవింగ్ చూసే అనుకున్నా తమ్ముడూ. గుంటూరులో నేనూ స్కూటీ అలాగే అంచున నడిపేదాన్ని."

"పెద్ద బండ్లకి దారి ఇవ్వాలి కదా అక్కా."

"ఇక్కడ అంచుకి జరిగితే పక్కన చోటుందనుకుని దూరతారు. మధ్యలో నడుపు, ముందు కారుకి గ్యాప్ ఉంచు. లేన్ మొత్తం నీదే. పద, నేను వెనక ఉంటా."

లేన్ మధ్యలో నడుపుతున్నానే గానీ, ఎవరో ఒకరు హారన్ కొట్టి పక్కకు జరగమంటారని ప్రతి క్షణం ఎదురుచూశాను. అద్దంలో ఆవిడ హెడ్‌లైట్, దాని వెనక కార్ల వరస. నా మలుపు వచ్చేదాకా ఒక్కరూ హారన్ కొట్టలేదు.