పాల్ డాక్టరు హస్తవాసి

ఉదయగిరిలో పద్నాలుగేళ్లు జ్వరాలూ దగ్గులూ చూసిన పాల్ డాక్టరుకి 1994లో ఆత్మకూరులో ఒక ఆసుపత్రిని నడిపే బాధ్యత అప్పగించారు. దాంతోపాటు నర్సు ట్రైనింగు అమ్మాయిలకు పాఠాలు చెప్పే పని కూడా.

"నేనొక్కణ్ణి రోజుకి అరవైమందిని చూస్తా పెంచలప్రసాదూ. ముప్పైమంది పిల్లలకి నేర్పిస్తే ముప్పై ఊళ్లకి పనికొస్తారు గదా" అన్నాడు, ఆఫీసు గుమస్తానైన నాతో. నేను నమ్మాను.

నమ్మనిది జనం. ఆయన హస్తవాసి మంచిదని ఉదయగిరి చుట్టుపక్కలంతా పేరు. అక్కణ్ణించి బస్సెక్కి ఆత్మకూరుకే వచ్చేవాళ్లు. ఓపీలో కొత్త డాక్టరు చూసి మందులు రాసినా సరే, ఆ పొట్లం పట్టుకుని వచ్చి ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు. పాల్ డాక్టరు దాన్ని అందుకుని తిరిగి తన చేత్తో ఇవ్వాలి. అప్పుడుగానీ మందు పనిచేయదట! లోపల ఆక్సిజన్ సిలిండర్లు రాలేదని ఆయన ఫోనులో అరుస్తుంటాడు, అవతల క్లాసులో ఆడపిల్లలు ఎదురుచూస్తుంటారు, మధ్యలో ఈ పొట్లాలు. నాకే ఒళ్లు మండేది, ఇక ఆయన సంగతి చెప్పాలా?

ఒకరోజు ఓబమ్మ వచ్చింది. టీబీ మనిషి. ఆరునెలలు మాత్రలు మింగాలి. రెండు నెలలవి ఆయన చేతిమీదుగానే తీసుకుంది. మూడోనెల పొట్లం చాపేసరికి డాక్టరు విసిగిపోయాడు.

"నా చేతిలో ఏముండాది ఓబమ్మా? ఎవరిచ్చినా అవే మాత్రలు. పో, పోయి మింగు!"

ఆమె పొట్లం కొంగున కట్టుకుని బస్సెక్కింది.

రెండు నెలల తర్వాత కొడుకు ఓబయ్య ఆమెను ఎత్తుకొచ్చాడు. దగ్గితే రక్తం పడుతోంది. రేకుపెట్టెలోంచి తీసి తెచ్చిన పొట్లం విప్పకుండా అలాగే ఉంది.

"నువ్వు చెయ్యి పెట్టకుండా ఎట్ట మింగేది నాయనా? దగ్గు తగ్గింది గదా అని ఊరకున్నా" అంది ఓబమ్మ.

డాక్టరు ముఖం మాడిపోయింది. ఆ కోపం ఆమె మీద కాదని నాకు తెలుసు. ఉదయగిరిలో మొదటి మాత్ర తన చేత్తో ఇచ్చే అలవాటు చేసింది ఆయనే. హస్తవాసి అని జనం మెచ్చుకుంటుంటే మురిసిపోయిందీ ఆయనే.

ఓబమ్మను వార్డులో చేర్చాడు. మర్నాడు క్లాసునంతా ఆమె మంచం దగ్గరికే తీసుకెళ్లాడు. ఏదో కాగితం మీద సంతకం కోసం నేనూ వెంటబడ్డాను. మందు గురించి చెప్పమని ఏంజెలిన్ అనే అమ్మాయిని ముందుకు పిలిచాడు. ఆ పిల్ల ఓబమ్మ పక్కనే కూర్చుంది.

"అవ్వా, ఈ జబ్బు పురుగు నీ ఊపిరితిత్తుల్లో ఉండాది. రెండు నెలలకి దగ్గు తగ్గుతుంది గానీ పురుగంతా చావదు. మధ్యలో మానేస్తే మళ్లా ముదురుతుంది. పూర్తిగా మింగితేనే పోతుంది. ఎవరిచ్చినా సరే."

ఓబమ్మ చివరిదాకా విన్నది. ఏంజెలిన్ చేతిలోని మాత్రలు తీసుకుని గుటుక్కున మింగింది. డాక్టరు సంతోషిస్తాడనుకున్నాను. అంతలో ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇంత సంగతి ఉంటే నాకు ముందే ఎందుకు చెప్పలేదు నాయనా?"

ముప్పైమంది పిల్లలూ ఆయన వైపే చూశారు.